పెద్దల మతి మారినప్పుడు: సంధియా, దిగులా, మతిమరుపా?

(వయోవృద్ధుల దినము సందర్భమున ఒక గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



 ఐక్యరాజ్య సమితి 1990లో చేసిన తీర్మానము ననుసరించి ప్రతి సంవత్సరము అక్టోబరు 1వ తేదీన వయోవృద్ధుల దినము జరుపబడుచున్నది. ఆనాడు పెద్దలకు దండలు వేసి, శాలువలు కప్పి, పాదాభివందనము చేయుట ఆచారమైనది. మంచిదే. కాని శాలువ కప్పిన మరునాడు ఆ పెద్దకు మతి తడబడినచో మనమేమి చేయుదుము? ఆ సంగతి ముచ్చటించుటకే మేము వచ్చితిమి.

ముందు వరుసలో తాతలు, అవ్వలు కూర్చున్నారు. ఈ ప్రసంగము వారిని గురించినదే. అయినను వెనుక నిలుచున్న కొడుకులు, కోడండ్రు, కూతుండ్రు, మనుమలు దీనిని మరింత శ్రద్ధగా వినవలెను. ఏలయన, మతి మారినవారికి తమ మతి మారినదని తరచుగా తెలియదు. కనిపెట్టవలసినవారు చుట్టునున్నవారే.

మన గ్రామములలో ముసలివారు తడబడినప్పుడు ఒకే మాట చెప్పి ఊరకుందురు: "పెద్దతనము వచ్చినది, ఇక అంతే." ఈ ఒక్క మాట చాటున మూడు వేర్వేరు వ్యాధులు దాగియుండును. మొదటిది సంధి. జ్వరములో సంధి పుట్టినదని, సంధి మాటలు మాటలాడుచున్నాడని మన పెద్దలు చెప్పునది ఇదియే. ఆస్పత్రి చీటీలపై దీనిని డెలీరియమ్ అని వ్రాయుదురు. రెండవది మనసును క్రుంగదీయు దిగులు జబ్బు. దీనికి డిప్రెషన్ అని పేరు. మూడవది మతిమరుపు వ్యాధి, అనగా డిమెన్షియా.

ఈ మూడింటిని ఏల వేరుచేసి చూడవలెను? మొదటిదానిని మూడవదిగా భావించి ఇంటిలో నుంచినచో ప్రాణము పోవచ్చును. రెండవదానిని మూడవదిగా భావించినచో నయము కాగల మనిషిని చేతులార వదలుకొందుము. మూడవదానిని మొండితనమని భావించినచో నిరపరాధిని దినదినము దండించినవార మగుదుము. కనుక ఇది వైద్యులకు మాత్రమే సంబంధించిన చర్చ కాదు. ప్రతి ఇంటి గడపలోను తెలిసియుండవలసిన విషయము.

మూడు ఇండ్లు

మేము చూచిన మూడు ఇండ్ల సంగతి చెప్పెదము. ఊరి పేరు, ఇంటి పేరు చెప్పుట మర్యాద కాదు.

మొదటి ఇంటిలో డెబ్బదియేండ్లు దాటిన అవ్వ. ఆదివారమునాడు చింతపండు గింజ తీసి, మనుమరాలికి జడ వేసినది. సోమవారము రాత్రి గోడమీద చీమలు బారులు తీరినవని చేతితో తుడవసాగెను. కొడుకును చనిపోయిన పెనిమిటి పేరుతో పిలిచెను. పుట్టింటికి పోవలెనని అర్ధరాత్రి తలుపు గడియ తీసెను. తెల్లవారిన పిమ్మట నెమ్మదించి కాఫీ త్రాగెను. సాయంకాలమునకు మరల మొదటికి వచ్చెను. గాలి సోకినదని తాయెత్తు కట్టించిరి. మూడవనాడు ఆరోగ్య కేంద్రమునకు తీసికొనివచ్చిరి. కోడలు చెప్పిన మొదటి మాట ఇది: "అత్తయ్య మొన్న ఆదివారము వరకు బాగానే యున్నదండీ." ఆ ఒక్క మాటతో సగము వ్యాధి నిర్ణయమైపోయినది. మూత్రములో చీము చేరియున్నది. రాత్రివేళ లేచి మరుగుదొడ్డికి పోలేక ఆమె నీరు త్రాగుటయే తగ్గించుకొన్నది. తగిన మందు, ద్రవములు ఇచ్చిన పిమ్మట వారము దినములలో ఆమె మరల మనుమరాలికి జడ వేసినది.

రెండవ ఇంటిలో అరువదియెనిమిదేండ్ల రైతు. భార్య గతించి ఎనిమిది నెలలైనది. ఎడ్లను అమ్మివేసిరి. పొలము కౌలుకిచ్చిరి. క్రమముగా మాట తగ్గినది. ఏమి అడిగినను "నాకేమి తెలియును? నాకేమియు గుర్తులేదు" అనును. తెల్లవారుజామున మూడు గంటలకే మేలుకొని మంచముపై కూర్చుండును. అన్నము కలిపి రెండు ముద్దలు తిని లేచును. మతి పోయినదని ఇంటిల్లిపాది నిశ్చయించుకొనిరి. కాని ఆయన మతి పోలేదు. మనసు క్రుంగినది. చికిత్స జరిగిన కొన్ని నెలలకు ఏ మడికి ఎన్ని బస్తాలు పండినవో ఏడాదివారీగా ఆయనయే చెప్పినాడు.

మూడవ ఇంటిలో చిల్లర దుకాణము నడిపిన పెద్దమనిషి. ఒకప్పుడు ఊరివారి బాకీలన్నియు నోటిమీదనే చెప్పెడివాడు. మూడేండ్ల క్రిందట చిల్లర లెక్క తప్పుట మొదలైనది. పిదప ఒకే సరుకు రెండుసార్లు కట్టి ఇచ్చుట, చెప్పిన మాటనే గంటకు నాలుగుసార్లు చెప్పుట, చివరకు చెరువునకు పోయి తన వీధి తాను గుర్తింపలేక నిలిచిపోవుట. ఏ దినమున మొదలైనదో ఇంటిలో ఎవ్వరును చెప్పలేకపోయిరి. ఆయనది మతిమరుపు వ్యాధి.

మొదటి ప్రశ్న: ఎప్పటినుండి?

ఈ మూడు కథలలో తేడా ఎక్కడనున్నదో మీరు గ్రహించియే యుందురు. కాలములోనే యున్నది. సంధి గంటలలో, దినములలో వచ్చును. దిగులు వారములలో, నెలలలో ముసురుకొనును. మతిమరుపు సంవత్సరముల తరబడి మెల్లగా పెరుగును. సంధి అకస్మాత్తుగా వచ్చిపడిన వరదవంటిది. మతిమరుపు ఏటి ఒడ్డు ఏడాదికి కొంత చొప్పున కోసికొనిపోవుట వంటిది. కనుక పెద్దవారిని వైద్యుని కడకు తీసికొనివచ్చునప్పుడు మీరు చెప్పవలసిన మొదటి మాట "ఎప్పటినుండి" అన్నదే. "వారికి మామూలుగా ఎట్లుండును, ఇప్పుడెట్లున్నది" అన్న సంగతి ఏ యంత్రమును చెప్పజాలదు. ఇంటివారే చెప్పగలరు.

సంధి: ఆలస్యము పనికిరాదు

సంధి మెదడులో పుట్టిన రోగము కాదని అనేక పర్యాయములు తేలును. శరీరములో మరెక్కడనో పుట్టిన బాధకు వయసు మళ్లిన మెదడు తట్టుకొనలేక తడబడుటయే సంధి. మూత్రములో చీము, ఊపిరితిత్తులలో నిమ్ము, రోహిణీ కార్తె ఎండలో వడదెబ్బ, వాంతి విరేచనములవలన నీరు తగ్గుట, రక్తములో ఉప్పు తగ్గుట, చక్కెర పడిపోవుట, తుంటి ఎముక విరుగుట, శస్త్రచికిత్స, చాలదినముల మలబద్ధకము, మూత్రము బిగియుట, ఇట్టివన్నియు సంధికి కారణములు కావచ్చును. మధుమేహమునకు మాత్ర వేసికొని అన్నము తినక పడుకొన్న పెద్దలు తెల్లవారుసరికి తికమకగా మాటలాడినచో చక్కెర తగ్గినదేమో వెంటనే చూడవలెను.

మందులే కారణమగుటయు తక్కువ కాదు. నిద్రమాత్రలు, జలుబునకు దురదకు వాడు మత్తు కలిగించు కొన్ని మాత్రలు, నొప్పికిచ్చు గట్టి మందులు పెద్దల మెదడును సులభముగా తడబెట్టును. ప్రతిదినము సారాయి లేక కల్లు త్రాగువారు దానిని హఠాత్తుగా మానినను సంధి పుట్టవచ్చును. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై కట్టడి జరిగినప్పుడు, దానికలవాటుపడినవారు అనేకులు వింత ప్రవర్తనతో ఆస్పత్రులకు చేరిన సంగతి మీకు జ్ఞాపకముండవచ్చును. తుంటి విరిగి ఆస్పత్రిలో చేరిన పెద్దమనిషి రెండవనాడో మూడవనాడో వణకుచు, లేనివానిని చూచుచున్నచో, ఆయనకు త్రాగుడు అలవాటున్నదని వైద్యునకు దాచక చెప్పుడు. అందు సిగ్గుపడవలసినదేమియు లేదు, దాచుటలోనే ప్రమాదమున్నది.

సంధిని గుర్తించుటకు 1990లో అమెరికాలో షారన్ ఇనౌయి అను వైద్యురాలు, ఆమె సహచరులు నాలుగు గుర్తులు ఏర్పరచిరి. ఒకటి, మార్పు హఠాత్తుగా వచ్చి, హెచ్చుతగ్గులుగా నుండుట. రెండు, ధ్యాస నిలువకపోవుట. మూడు, మాట పొంతన లేకుండుట. నాలుగు, మెలకువలో మార్పు, అనగా అతిగా ఉలికిపడుటగాని మగతగా నుండుటగాని. మొదటి రెండును ఉండి, తరువాతి రెండింటిలో ఒకటియైనను ఉన్నచో సంధి అని అనుమానింపవలెను. నేటికిని ప్రపంచమంతట వైద్యులు ఈ గుర్తులను వాడుచున్నారు.

ధ్యాస నిలుచుచున్నదా లేదా అని ఇంటిలోనే చూడవచ్చును. చదువుతో పనిలేదు. "అవ్వా, శనివారమునుండి వెనుకకు వారముల పేర్లు చెప్పు" అని అడుగుడు. లేదా ఇరువదినుండి వెనుకకు లెక్కింపుమనుడు. మతిమరుపు కొత్తగా మొదలైనవారు సయితము సాధారణముగా కొంతవరకు మెల్లగా చెప్పగలరు. సంధిలోనున్నవారు రెండు పేర్లు చెప్పి మరొక మాటలో పడిపోదురు. లేదా ప్రశ్నయే మరచిపోవుదురు. అయితే అడుగుటకు ముందు కండ్లద్దములు పెట్టి, చెవి వినబడునట్లు దగ్గరగా కూర్చుండి అడుగుడు. వినబడక చెప్పని సమాధానమును మతి తప్పుటగా లెక్కింపరాదు.

ఇచ్చట మేమొక తప్పు ఒప్పుకొనవలసియున్నది. సంధి అనగా అరచుట, కొట్టుట, పారిపోవుట అని చాలమంది తలంతురు. సద్దు లేని సంధియు కలదు. మనిషి మగతగా పడుకొనును. పిలిచినచో కన్ను తెరచి మూసికొనును. అన్నము నోటిలో పెట్టినచో నమలుట మరచిపోవును. కొన్నేండ్ల క్రిందట ఒక వేసవిలో అట్టి పెద్దమ్మ నొకతెను మేము చూచితిమి. ఆమె ఎవ్వరిని పిలువలేదు, ఏమియు అడుగలేదు. మంచముపై ప్రశాంతముగా నున్నది కదా అని, అరచుచున్న మరొక రోగికడకు మేము ముందు పోయితిమి. రెండుదినములనుండి ఇట్లే యున్నదని ఆమె కూతురు రెండుసార్లు చెప్పినది. మేము తిరిగి వచ్చుసరికి ఆలస్యమైనది. ఊపిరితిత్తులలో నిమ్ము ముదిరియున్నది. ఆమె మరి లేవలేదు. ఆనాటినుండి ఏ గదిలోనికి పోయినను మాటలాడక పడుకొన్న పెద్దవారినే ముందు చూచుట అలవాటు చేసికొంటిమి. మీకును అదియే చెప్పుచున్నాము. అకస్మాత్తుగా వచ్చిన నిశ్శబ్దము విశ్రాంతి కాదు.

సంధి అని తోచినప్పుడు 108కి పిలువుడు, లేదా దగ్గరనున్న ఆస్పత్రికి చేర్చుడు. వాడుచున్న మాత్రలన్నియు, ఊరి డాక్టరు ఇచ్చినవి, దుకాణములో కొన్నవి సయితము, ఒక సంచిలో వేసి తీసికొనిపొండు. మీ అంతట మీరు నిద్రమాత్ర ఇయ్యకుడు. మంచమునకు కట్టివేయకుడు. మగతగా నున్నవారి నోటిలో నీరుగాని అన్నముగాని పోయకుడు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. తెలిసిన మనిషి ఒకరు ప్రక్కనే కూర్చుండి, "నాయనా, నేను నీ కొడుకును, మనము ఆస్పత్రిలో నున్నాము, ఇది పగటి వేళ" అని నెమ్మదిగా చెప్పుచుండవలెను. పగలు వెలుతురు, రాత్రి చీకటి, కండ్లద్దములు, వినికిడి యంత్రము, వేళకు నీరు, ఇవియు మందులవంటివే. చీమలు లేవని వాదింపకుడు. భయము లేదని ధైర్యము చెప్పుడు. కారణము తొలగిన పిమ్మట అనేకులు దినములలో, వారములలో కోలుకొందురు. కొందరికి నెలలు పట్టవచ్చును.

దిగులు: ముసలితనపు సహజ గుణము కాదు

ముసలివారు దిగులుగా నుండుట సహజమే కదా అని కొందరందురు. సహజము కాదు. దుఃఖము సహజము, దిగులు జబ్బు వేరు. భార్య పోయినప్పుడు దుఃఖించిన మనిషి, మనుమడు వచ్చి నవ్వించినచో క్షణకాలమైనను నవ్వును. దిగులు జబ్బు పట్టినవానికి ఆ నవ్వు రాదు. రెండువారములు దాటి, ప్రతిదినము, దాదాపు దినమంతయు మనసు చీకటిగానుండి, మునుపు ఇష్టమైన భజన, చావడి ముచ్చట, కోడిపిల్లల పెంపకము ఏదియు రుచింపకున్నచో అది జబ్బు.

పెద్దలు "నాకు దిగులుగా నున్నది" అని చెప్పరు. వారి దిగులు దేహముద్వారా మాటలాడును. కడుపులో మంట, నడుము నొప్పి, ఒంటిలో సత్తువ లేదు, నిద్ర లేదు, నోరు రుచి లేదు అందురు. పరీక్షలన్నియు బాగుగనే వచ్చును. ఇంటివారు విసుగుకొందురు. దిగులు మరింత పెరుగును.

దిగులు మతిమరుపువలె కనబడుట గురించి జాగ్రత్త వహింపవలెను. తేడా ఇట్లుండును. దిగులు పట్టినవారు తమ మరపును గురించి తామే చెప్పుకొని బాధపడుదురు. ప్రశ్న వేసినచో ప్రయత్నింపకయే "తెలియదు" అందురు. కొంత ఆగి, ఊతమిచ్చినచో చెప్పగలరు. మతిమరుపు వ్యాధి ఉన్నవారు తరచుగా తమకేమియు లోపము లేదందురు. జవాబు తప్పుగానైనను ఏదో యొకటి చెప్పి కప్పిపుచ్చుకొందురు. ఫిర్యాదు చేయువారు ఇంటివారే యగుదురు. ఇది అందరికిని వర్తించు నియమము కాదు. అయినను దారి చూపును.

ఇక చెప్పుటకు కష్టమైనను చెప్పక తప్పని మాట ఒకటి కలదు. "నేనుండి ఎవరికి లాభము? మీకు బరువైతిని" అని పెద్దవారు అన్నచో, అది అలవాటు మాటయని కొట్టివేయకుడు. ప్రక్కన కూర్చుండి, "నాయనా, చచ్చిపోవలెనని అనిపించుచున్నదా?" అని సూటిగా అడుగుడు. అడిగినందువలన లేని ఆలోచన పుట్టదు. మనసులో బరువు దిగును. అట్టివారిని ఒంటరిగా విడువరాదు. పురుగుమందుల డబ్బాలు ఇంటిలో నుంచరాదు. తాళమువేసి, తాళముచెవి మరొకరి కడ నుంచవలెను. ఆత్మహత్యకు యత్నించినవారిని నేరస్థులుగా చూడక తీవ్రమైన మనోవేదనలోనున్నవారిగా భావింపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. పోలీసు భయముతో దాచవలసిన పనిలేదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము టెలి మానస్ అను సేవను ప్రారంభించినది. 14416కు ఫోను చేసినచో వెల లేకుండ, రాత్రింబవళ్లు, తెలుగులో మాటలాడువారు లభింతురు.

దిగులునకు చికిత్స కలదు. మాటలతో చేయు చికిత్స, మందులు రెండును పనిచేయును. మందు వేసిన మరునాడే గుణము కనబడదు. కొన్ని వారములు పట్టును. గుణము కనబడినదని వెంటనే మానరాదు. వైద్యుడు చెప్పినన్ని నెలలు వాడవలెను. దానితోపాటు చేయదగిన పని ఒకటి ఇంటిలో ఉండవలెను. ఎడ్లను అమ్మివేసిన ఆ రైతునకు కొడుకు ఒక దూడను తెచ్చి ఇచ్చినాడు. మేము వ్రాసిన మందుతోపాటు ఆ దూడకును మేలులో పాలున్నది.

మతిమరుపు: నయము కాదు, సేవ కలదు

కండ్లద్దములు ఎక్కడ పెట్టితినో మరచుట ముసలితనము. కండ్లద్దములు ఎందులకో మరచుట వ్యాధి. పొరుగువాని పేరు నాలుక చివర ఆగి, పిమ్మట జ్ఞాపకము వచ్చుట ముసలితనము. జీవితమంతయు వండిన పప్పు ఏ వరుసలో వండవలెనో తెలియకపోవుట వ్యాధి. నిత్యకృత్యములకు భంగము కలుగుటయే గుర్తు.

1906లో జర్మనీలో ఆలోయిస్ ఆల్జైమర్ అను వైద్యుడు, తాను చూచిన ఒక స్త్రీ మెదడులోని మార్పులను పండితసభలో వివరించినాడు. మతిమరుపు వ్యాధులలో అన్నిటికంటె ఎక్కువగా కనబడునది నేడు ఆయన పేరుతోనే పిలువబడుచున్నది. పక్షవాతపు చిన్న చిన్న దెబ్బలవలన వచ్చునది మరొకటి. అది మెట్లు దిగినట్లు అంచెలంచెలుగా దిగజారును. మన దేశములో అరువదియేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షలమందికి ఈ వ్యాధి ఉన్నదని 2023లో ప్రచురింపబడిన ఒక పెద్ద పరిశోధన అంచనా వేసినది. కనుక ఇది పట్టణములకు, ధనికులకు మాత్రమే వచ్చు వ్యాధి కాదు.

చదువురానివారిని ఎట్లు పరీక్షింతురని మీరడుగవచ్చును. 1990 తరువాతి సంవత్సరములలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామములలో, అక్షరము రాని పెద్దలకు సరిపడునట్లు ఒక పరీక్షను పరిశోధకులు తయారుచేసి 1995లో ప్రకటించిరి. తేదీకి బదులు కాలము, పూట. వ్రాతకు బదులు మాట, చేత. ఈ పద్ధతిని అడిగినచో మన అవ్వలును చక్కగా సమాధానము చెప్పగలరు. చదువు లేకుండుట మతి లేకుండుట కాదు.

మతిమరుపువలె కనబడి, చికిత్సతో మెరుగుపడగల కారణములు కొన్ని కలవు. థైరాయిడ్ గ్రంథి మందగించుట, బి-12 విటమిను కొరత, క్రిందపడి తలకు దెబ్బ తగిలి వారముల తరువాత మెదడుపై రక్తము చేరుట అట్టివి. అందుచేతనే "ముసలితనమే" అని తీర్మానించుటకు ముందు ఒకసారి రక్తపరీక్ష, అవసరమైనచో తల స్కానింగు చేయింపవలెను. అసలైన మతిమరుపు వ్యాధిని వెనుకకు మరల్చు మందు నేటికిని లేదు. కొంతకాలము జ్ఞాపకమునకు ఊతమిచ్చు మందులు కలవు.

రాకుండ చేసికొనుటకు మార్గము లేదా? పూర్తిగా లేదనరాదు. ప్రపంచ నిపుణుల సంఘమొకటి 2024లో, మార్చుకొన వీలైన 14 కారణములను పేర్కొని, వానినన్నిటిని తొలగింపగలిగినచో ప్రపంచములోని మతిమరుపు వ్యాధులలో సుమారు నూటికి 45 పాళ్లు రాకుండ చేయుటగాని వాయిదా వేయుటగాని సాధ్యమని చెప్పినది. రక్తపు పోటు, మధుమేహము, పొగ, త్రాగుడు, వినికిడి లోపము, చూపు లోపము, ఒంటరితనము, కదలిక లేని జీవనము వానిలోనివి. శుక్లమునకు చేయు చిన్న శస్త్రచికిత్స, చెవికి అమర్చు చిన్న యంత్రము మతిని కాపాడు సాధనములు కాగలవు. మన హైదరాబాదులో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన పరిశోధనలో, రెండు భాషలు మాటలాడువారికి ఒక భాషయే తెలిసినవారికంటె సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా వ్యాధి కనబడినది. చదువురానివారిలోను ఈ తేడా కానవచ్చినది. మెదడునకు పని కల్పించుట మేలేయని దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఒకదానిపై ఒకటి

ఈ మూడు వ్యాధులు గిరిగీసికొని కూర్చుండవు. మతిమరుపు ఉన్నవారికే సంధి సులభముగా వచ్చును. "మామయ్యకు ముందునుండియు మతి లేదు కదా" అని ఊరకుండుటలోనే పెద్ద ప్రమాదమున్నది. మూడేండ్లనుండి మరచిపోవుచున్న మనిషి నిన్నటినుండి హఠాత్తుగా మారినచో, అది మతిమరుపు పెరుగుట కాదు; వేరు కారణము తేలువరకు సంధియనియే భావించి ఆస్పత్రికి తీసికొనిపోవలెను. మా దుకాణపు పెద్దమనిషికి ఇదియే జరిగినది. ఒక రాత్రి ఇల్లంతయు తిరిగి కేకలు వేసినాడు. వారము దినములనుండి విరేచనము కాలేదని ఆయన చెప్పలేడు. కోడలు గమనించి చెప్పినది. చికిత్స తరువాత ఆయన మునుపటి స్థితికి వచ్చినాడు. మునుపటి మరపు మిగిలినది, కేకలు మిగులలేదు.

అట్లే మతిమరుపు ఆరంభములో దిగులు కలుగవచ్చును. పెద్దవయసులో మొదటిసారిగా వచ్చిన దిగులు కొన్నిసార్లు మతిమరుపునకు ముందుగుర్తు కావచ్చును. లేని మనుష్యులు కనబడుచు, మతి దినమునకొక విధముగా నుండు మతిమరుపు రకమును కలదు. ఇట్టి చిక్కులు విప్పుట వైద్యుని పని. మార్పును, తేదీని గుర్తుంచుకొని చెప్పుట మాత్రము మీ పని.

సేవ చేయువారి మాట

చివరగా, ఈ వ్యాధుల బరువును మోయుచున్నవారిని గురించి రెండు మాటలు. చాల ఇండ్లలో ఆ బరువు కోడలిపైనో కూతురిపైనో పడుచున్నది. "నాకు అన్నము పెట్టలేదు" అని అత్తగారు వీధిలో చెప్పినప్పుడు, పెట్టి గంటయైనను కాలేదని ఆ కోడలికి మాత్రమే తెలియును. ఊరు నమ్మదు. సోదరులారా, అట్టి ఇంటిని గురించి తీర్పు చెప్పుటకు ముందు ఆ పెద్దమ్మ వ్యాధిని తలచుకొనుడు. అన్నదమ్ములు వంతులవారీగా సేవ పంచుకొనుడు. సేవ చేయువారికి వారమునకు ఒకపూటయైనను విరామ మిప్పింపుడు.

తలిదండ్రులను నిర్లక్ష్యము చేయుచున్నచో 2007 నాటి చట్టము ననుసరించి పెద్దలు పోషణము కోరవచ్చును. వయోవృద్ధుల సహాయమునకు 14567 అను ఫోను నంబరు కలదు. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. మీ ఇంటికి వచ్చినప్పుడు పిల్లలను, గర్భిణులను గురించియే గాక, మంచముపైనున్న తాతను గురించియు చెప్పుడు.

మేము చెప్పినదంతయు మరచినను మూడు ప్రశ్నలు గుర్తుంచుకొనుడు. ఈ మార్పు ఎప్పటినుండి? దినములో హెచ్చుతగ్గులుగా నున్నదా? ఇటీవల జ్వరము, దెబ్బ, కొత్త మందు ఏమైన కలదా? ఈ మూడింటికి సమాధానములు పిల్లల నోటు పుస్తకములో చివరి పుటపై వ్రాసికొని వచ్చినచో, వైద్యుని పనిలో సగము మీరే చేసినవారగుదురు.

ఇంటికి పోయిన వెంటనే మీ పెద్దలకడ పది నిమిషములు కూర్చుండుడు. వారి మాట, నిద్ర, ఆకలి, నవ్వు మామూలుగా ఎట్లుండునో ఈ రాత్రియే గమనించి ఉంచుకొనుడు. మంచి దినమున వారిని ఎరిగియున్నవారే చెడ్డ దినమున మార్పును కనిపెట్టగలరు.